రూబీ మర్రే పాటల జీవితాన్ని వారం వారం పట్టుకోవడం ఎలా

పాత ఇంగ్లీషు పాటలు వినే అలవాటున్న వాళ్లకి ఏదో ఒక రోజు ఇది తప్పదు. ఎక్కడో ఒక పాట చెవిన పడుతుంది, ఎవరీవిడ అని చూస్తే 1950ల నాటి బ్రిటిష్ గాయని, సరే మిగతావి కూడా విందామని వెతికితే అదే ఫొటోతో, అవే ఇరవై పాటలతో, పేరు మాత్రం మార్చిన ఆల్బమ్‌లు డజను కనిపిస్తాయి. వాటిలో ఏది ముందు పాడిందో ఏది తర్వాత పాడిందో ఎక్కడా రాసి ఉండదు. ఆమె గురించి చదువుదామంటే నాలుగు పేరాలు దొరుకుతాయి: పుట్టుక, నంబర్ వన్, పెళ్లి, మరణం. మనిషి దశాబ్దాల పాటు స్టేజి మీద ఏం చేసిందో ఆ నాలుగు పేరాల మధ్య సందుల్లోకి జారిపోతుంది.

ఆ సందుల్లోంచి బయటికి లాగడం ఎలాగో చెప్తాను. ఉదాహరణకి రూబీ మర్రేని తీసుకుంటున్నాను. 1935లో బెల్ఫాస్ట్‌లో పుట్టింది, 1955లో బ్రిటన్‌లో ఎటు చూసినా ఆమె పాటే. ఇవాళ అక్కడ ఆమె పేరు ఎలా మిగిలిందో తెలుసా? ప్రాస కుదిర్చి మాట మార్చే లండన్ వాడుకలో "రూబీ మర్రే" అంటే కర్రీ. "రూబీకి వెళ్దామా" అంటే ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్దామా అని. పాట పోయి కూర మిగిలింది! ఆమెని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆమె వెలుగు చాలా తక్కువ కాలంలో, చాలా గట్టిగా వచ్చింది కాబట్టి పద్ధతి నేర్చుకోవడానికి సుళువు. ఆ కాలపు వేరే సింగర్లని, అల్మా కోగన్‌ని తీసుకోండి, డికీ వాలెంటైన్‌ని తీసుకోండి, పద్ధతి ఇదే.

ముందు ఒక నోట్‌బుక్

ఎక్సెల్ అయినా సరే. మూడు గడులు చాలు: తేదీ, ఏం జరిగింది, ఎక్కడ చూశాను. మూడో గడిని చాలామంది వదిలేస్తారు, రెండు నెలల తర్వాత ఈ తేదీ ఎక్కడ చూశానబ్బా అని తల పట్టుకుంటారు, నేనూ పట్టుకున్నాను.

తేదీ దగ్గర ఒక జాగ్రత్త. ఒక్కో రికార్డుకి కనీసం మూడు తేదీలుంటాయి: స్టూడియోలో పాడిన రోజు, రికార్డు షాపుకి వచ్చిన నెల, చార్ట్‌లోకి, అంటే వారం వారం అమ్మకాల జాబితాలోకి ఎక్కిన వారం. వీటిని ఒకే గడిలో కలిపారో అంతే సంగతులు. "ఈ పాట 1955ది" అని ఎవరైనా అంటే ఏ 1955 అని అడగండి. పాడింది 1954లో, షాపుకొచ్చింది 1955లో అయితే ఆ రెండింటి మధ్య ఆమె జీవితంలో ఏదో మారి ఉండొచ్చు. రూబీ విషయంలో సరిగ్గా అక్కడే మారింది.

రికార్డు కంటే ముందు ఎక్కడుంది?

ఏ సింగర్ గురించైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. మొదటి హిట్ రాకముందు ఈ మనిషి ఎక్కడ పాడేది? ఆ రోజుల బ్రిటన్‌లో నేరుగా స్టూడియోకి వెళ్లి స్టార్ అయినవాళ్లు దాదాపు లేరు. వెరా లిన్ డాన్స్ బ్యాండ్లలోంచి వచ్చింది, 1935లో జో లాస్ బ్యాండుతో మొదటిసారి రేడియోలో పాడింది, తర్వాత ఆంబ్రోస్ బ్యాండులో చేరింది. లీటా రోజా, డికీ వాలెంటైన్, డెన్నిస్ లోటిస్ ముగ్గురూ టెడ్ హీత్ బ్యాండులో పాడినవాళ్లే. పెటులా క్లార్క్ యుద్ధకాలంలోనే చిన్నపిల్లగా రేడియోలో పాడేది. మాట్ మన్రో లండన్‌లో బస్సు నడిపాడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే తర్వాతి ఇరవై ఏళ్లు సగం అర్థమవుతాయి. బ్యాండులో పెరిగినవాళ్లు తాళం తప్పరు, వెనక ఎంత మంది వాయిస్తున్నా గొంతు పైకి తేలుతుంది. రేడియోలో పెరిగినవాళ్లకి మైకుతో గుసగుసలాడటం తెలుసు.

రూబీ టీవీ మనిషి. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. చంటిబిడ్డగా ఉన్నప్పుడే గొంతుకి ఆపరేషన్ అయింది, ఆ బొంగురు జీర అందువల్లే అంటారు. పన్నెండేళ్లకే రిచర్డ్ ఆఫ్టన్ అనే నిర్మాత ఆమెని చూసి టీవీలో పాడించాడు. కానీ పిల్లలతో ప్రదర్శనలు ఇప్పించడం మీద చట్టం ఉండటంతో వెనక్కి బెల్ఫాస్ట్ వెళ్లి పద్నాలుగేళ్లు వచ్చేదాకా బడికి వెళ్లింది. మళ్లీ అదే ఆఫ్టన్ కంట పడి, 1954లో బీబీసీ టీవీలో ఒక కార్యక్రమంలో జోన్ రీగన్ ఖాళీ చేసిన చోట రెసిడెంట్ సింగర్‌గా కుదిరింది. ఆ వెంటనే కొలంబియా కంపెనీకి రే మార్టిన్ ఆమెతో రికార్డులు చేయించాడు.

ఇప్పుడు ఆ ఏడాదిని కాస్త ఊహించండి. బ్రిటన్‌లో 1954లో టీవీ చానల్ ఒక్కటే, బీబీసీ. రెండోది ఐటీవీ, లండన్‌లో 1955 సెప్టెంబర్ 22న గానీ మొదలవలేదు. అంటే టీవీ ఉన్న ప్రతి ఇల్లూ ఆమె పాడే సాయంత్రం ఆమెనే చూడాలి, లేదా కట్టేసుకోవాలి. మీ నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీద ఇలాంటి వాక్యం ఒకటి రాసుకోకుండా రెండో పేజీకి వెళ్లకండి.

లేబుల్ చదవడం

పాత 78 ఆర్‌పీఎమ్ ప్లేటు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు, ఒకటి చేతిలోకి తీసుకోండి. కొనక్కర్లేదు, డిస్కాగ్స్, 45క్యాట్ అనే సైట్లలో లేబుల్ ఫొటోలు బోలెడున్నాయి. కొంటే మాత్రం ఎల్పీ ముల్లుతో దాన్ని వాయించకండి, 78 గాడి చాలా వెడల్పు, దాని ముల్లు మొన ఎల్పీ ముల్లుకి సుమారు మూడింతలుంటుంది. పైగా అది లక్కతో చేసిన ప్లేటు, జారితే పెంకులే.

సరే, లేబుల్. కొలంబియా పేరు, జంట స్వరాల గుర్తు, పాట పేరు, రాసినవాళ్ల పేర్లు, సింగర్ పేరు, కింద ఆర్కెస్ట్రా పేరు, ఓ పక్కన నంబరు. ముందు ఆర్కెస్ట్రా పేరు చూడండి. రూబీ తొలి రికార్డుల మీద రే మార్టిన్ పేరు కనబడుతుంది. ఆ రోజుల్లో కంపెనీలో రికార్డింగ్ చూసుకునే మనిషే పాట ఎంచేవాడు, వాద్యాలు ఏర్పాటు చేసేవాడు, చాలాసార్లు ఆర్కెస్ట్రా కూడా తనే నడిపేవాడు. సింగర్‌కి వచ్చే పాట ఏదో చాలా వరకు ఆయన చేతిలోనే ఉండేది. ఆర్కెస్ట్రా పేరు మారిన చోట మీ నోట్‌బుక్‌లో ఒక గీత గీయండి, అక్కడ ఏదో మారింది.

తర్వాత నంబరు. కొలంబియా 78లకి డీబీ అని మొదలవుతుంది, అదే పాట నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు మీద వస్తే ఆ రోజుల్లో ఎస్‌సీఎమ్. డెక్కా అయితే ఎఫ్, పార్లోఫోన్ అయితే ఆర్, ఫిలిప్స్ అయితే పీబీ, హెచ్ఎంవీ మొదట్లో బీ, తర్వాత పాప్. ఈ నంబర్లు విడుదల వరుస చెప్తాయి. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ కొంచెం నున్నటి జాగా మిగులుతుంది కదా, అక్కడ లక్కలోనే అచ్చైన ఇంకో చిన్న నంబరు ఉంటుంది, లైటు కింద పక్కకి వంచి చూస్తే తప్ప కనపడదు. దాన్ని మేట్రిక్స్ నంబరంటారు, అది తయారైన వరుస చెప్తుంది. రెండు రికార్డుల డీబీ నంబర్లు పక్కపక్కనే ఉండి మేట్రిక్స్ నంబర్లు దూరంగా ఉన్నాయంటే, ఒక పాటని కంపెనీ కొన్నాళ్లు బీరువాలో పెట్టి తర్వాత బయటికి తీసిందని అర్థం చేసుకోవచ్చు. నాకు ఈ పనిలో అన్నిటికంటే మజా ఇచ్చేది ఇదే.

ఇక్కడొక గుంట ఉంది, కొత్తవాళ్లంతా పడతారు. బ్రిటన్ కొలంబియా వేరు, అమెరికా కొలంబియా వేరు. బ్రిటన్ కొలంబియా ఈఎంఐ అనే బ్రిటిష్ రికార్డు కంపెనీది. అమెరికా కొలంబియా పాటల్ని అంతవరకు బ్రిటన్‌లో ఈఎంఐయే వేసేది, 1953 నుంచి ఆ హక్కు ఫిలిప్స్‌కి వెళ్లింది. ఫ్రాంకీ లేన్, డోరిస్ డే, జానీ రే అంతా ఫిలిప్స్‌కి పోయారు. ఒక్కసారిగా అంతమంది స్టార్లు పోతే కొలంబియా ఏం చేస్తుంది? ఇంటి గొంతులు వెతుక్కోవాలి. రూబీ చేరింది ఆ తర్వాతి ఏడాదే. ఇలాంటివి ఏ పాట పక్కనా రాసుండవు, లేబుల్ పేర్లు వరుసగా చూస్తుంటే మీకే తడతాయి.

చార్ట్‌ని ఎంతవరకు నమ్మాలి

బ్రిటన్‌లో రికార్డుల అమ్మకాలను బట్టి మొదటి చార్ట్ వచ్చింది 1952 నవంబర్ 14న, న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో. పర్సీ డికిన్స్ అనే ఆయన కొన్ని షాపులకి ఫోన్ చేసి ఈ వారం ఏం పోయాయని అడిగి లెక్కేశాడు. స్థానాలు పన్నెండే, కానీ సమానంగా వచ్చినవి ఉండటంతో పదిహేను పాటలు పట్టాయి. అన్నిటికంటే పైన అల్ మార్టినో పాట. 1954 అక్టోబర్‌లో ఆ జాబితా ఇరవైకి పెరిగింది, 1956లో ముప్పైకి. ఈలోపు రికార్డ్ మిర్రర్ 1955లో, మెలొడీ మేకర్ 1956లో తమ సొంత చార్ట్‌లు పెట్టాయి. మూడు పత్రికలు, మూడు లెక్కలు. ఇవాళ అధికారిక చరిత్రగా చెలామణీ అయ్యేది 1960 మార్చి వరకు న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌ది, ఆ తర్వాత రికార్డ్ రీటెయిలర్‌ది. అఫీషియల్ చార్ట్స్ సైటులో వారం ఎంచుకుని చూడొచ్చు, ఉచితం.

మరి 1952కి ముందు? అప్పుడు లెక్క షీట్ మ్యూజిక్‌ది, అంటే ఇంట్లో పియానో మీద వాయించుకోవడానికి అచ్చేసి అమ్మే స్వరాల కాగితాలు. పాట హిట్టయిందంటే ఆ కాగితాలు అమ్ముడైనట్టు, ఎవరు పాడారన్నది రెండో సంగతి. లండన్‌లో డెన్మార్క్ స్ట్రీట్ అంతా ఆ ప్రచురణకర్తల ఆఫీసులే. కాగితం అట్ట మీద ఒక మూల గుండ్రంగానో చదరంగానో సింగర్ ఫొటో వేసేవాళ్లు. అదే పాట, అదే బొమ్మ, మూల ఫొటో మాత్రం ఇంకొకరిది ఉన్న ప్రతులు కూడా దొరుకుతాయి. ఇవి పాత సామాన్ల అమ్మకాల్లో చవగ్గా దొరుకుతాయి, ఎవరి ఫొటోకి అప్పుడు గిరాకీ ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

చార్ట్‌ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో వెరా లిన్ దగ్గర చూడండి. "ఔఫ్ వీడర్‌జేన్ స్వీట్‌హార్ట్" 1952లో అమెరికాలో తొమ్మిది వారాలు నంబర్ వన్, అక్కడ ఆ స్థానానికి చేరిన మొదటి బ్రిటిష్ గొంతు ఆమెదే. అదే పాటని బ్రిటన్ చార్ట్ పుస్తకంలో చూస్తే పదో స్థానం. అక్కడి జనానికి నచ్చలేదా? అబ్బే, ఆ పాట ఊపేసింది చార్ట్ పుట్టకముందు. నవంబర్‌లో చార్ట్ మొదలయ్యేసరికి పాట దిగిపోతోంది. దిగుతున్న పాటని మొదటి వారం పట్టుకుని పదో స్థానం అని రాసేశారు, ఇప్పటికీ అదే రికార్డుగా ఉంది. ఆ మొదటి జాబితాలో ఆమెవి మొత్తం మూడు పాటలున్నాయన్నది ఇంకా పెద్ద క్లూ.

ఇప్పుడు రూబీ లెక్క. మొదటి పాట "హార్ట్‌బీట్" 1954 డిసెంబర్‌లో ఎక్కి మూడో స్థానం దాకా వెళ్లింది. రెండోది "సాఫ్ట్‌లీ సాఫ్ట్‌లీ" 1955 మొదట్లో నంబర్ వన్, మూడు వారాలు. 1955 మార్చిలో ఒక వారం ఆమెవి ఐదు పాటలు ఒకేసారి టాప్ ట్వంటీలో ఉన్నాయి. ఇరవైలో ఐదు! ఈ ముక్క ఆమె గురించి రాసిన ప్రతి చోటా ఉంటుంది, ఆహా అనుకుని ముందుకెళ్లిపోతారు. మీరు ఆగండి. ఐదు ఎలా వచ్చాయి?

నా లెక్కలో మూడు కారణాలు కలిశాయి. ఒకటి, పైన చెప్పిన ఒకే చానల్. రెండు, కంపెనీ ఒక పాట దిగేదాకా ఆగలేదు, ఒకదాని వెనక ఒకటి వదిలేసింది. ఇవాళ ఏ కంపెనీ అయినా ఇంకో మూడు నెలలు ఆగుదాం అంటుంది. మూడు, అప్పట్లో ఒకే పాటని ఎంతమందైనా పాడేవాళ్లు. ఆమె ఐదింటిలో ఒకటైన "లెట్ మీ గో లవర్" చూడండి. అమెరికాలో జోన్ వెబర్ పాడింది, దాన్నే డీన్ మార్టిన్, టెరెసా బ్రూవర్ కూడా పాడారు, ఇక్కడ రూబీ పాడింది, నలుగురివీ బ్రిటన్ చార్ట్‌లోకి వచ్చాయి. మార్కెట్లో ఒక పాట పరిగెడుతుంటే మన అమ్మాయితో కూడా పాడించి పడేద్దాం అన్నది ఆ కాలపు వ్యాపారం. అదే ఏడాది "అన్‌చెయిన్డ్ మెలొడీ"కి కూడా నాలుగు రూపాలు చార్ట్‌లో ఉన్నాయి, నంబర్ వన్ మాత్రం జిమ్మీ యంగ్‌ది. మనకి పాట అంటే ఒక సినిమా, ఒక గొంతు అని అలవాటు కాబట్టి ఇది కాస్త వింతగా ఉంటుంది.

అందుకే ఒక పని చేయండి. మీ సింగర్ పాటల పక్కన అదే పాట పాడిన మిగతా వాళ్ల పేర్లు, స్థానాలు కూడా రాసుకోండి. అప్పుడు తెలుస్తుంది ఏ పాట నిజంగా ఆమె సొంతమో, ఏది పోటీలో విసిరిందో. లీటా రోజా "హౌ మచ్ ఈజ్ దట్ డాగీ ఇన్ ద విండో" పాడింది, 1953లో నంబర్ వన్ అయింది, బ్రిటన్ చార్ట్‌లో పైకెక్కిన మొదటి బ్రిటిష్ మహిళ ఆమే. ఆ పాటంటే ఆమెకి ఒళ్లు మంట, తర్వాత స్టేజి మీద పాడనే లేదు. అమెరికాలో ప్యాటీ పేజ్ పాడి హిట్ కొట్టిన పాట, కంపెనీ పాడమంది, పాడింది. హిట్ల జాబితా మాత్రమే చూసి లీటా రోజాని అంచనా వేస్తే కుక్కపిల్ల పాట పాడే మనిషి అనుకుంటారు. టెడ్ హీత్ బ్యాండుతో ఆమె పాడినవి వింటే మీకే సిగ్గేస్తుంది.

రేడియో పేజీలు

రేడియో టైమ్స్ పత్రికలో 1923 నుంచి 2009 దాకా వచ్చిన కార్యక్రమాల జాబితాలన్నీ బీబీసీ నెట్‌లో పెట్టింది, బీబీసీ జీనోమ్ అంటారు. సింగర్ పేరు కొట్టి, ఏడాది తగ్గించుకుంటూ వెళ్లండి. పాత కాగితాన్ని కంప్యూటర్ చదివి ఎక్కించింది కాబట్టి పేర్లు అక్కడక్కడా ముక్కలై ఉంటాయి, ఇంటిపేరు ఒక్కటే కొట్టి కూడా చూడాలి. ఇంకోటి, అక్కడున్నది వేస్తామని చెప్పిన కార్యక్రమం, వేసిందానికి సాక్ష్యం కాదు. చివరి నిమిషంలో సింగర్‌కి జలుబు చేస్తే పత్రికకి తెలియదు కదా.

రేడియో ఎందుకంత ముఖ్యమంటే, ఆ రోజుల్లో బీబీసీ రికార్డుల్ని ఇష్టమొచ్చినంతసేపు వేయడానికి వీల్లేదు. రికార్డు కంపెనీలకీ సంగీతకారుల సంఘానికీ బీబీసీకీ మధ్య ఒప్పందం, రోజుకి ఇన్ని గంటలే అని. దాన్ని నీడిల్ టైమ్ అనేవాళ్లు. మిగతా సమయమంతా నిజంగా ఆర్కెస్ట్రాని కూర్చోబెట్టి వాయించాల్సిందే, సింగర్ వచ్చి పాడాల్సిందే. అంటే చార్ట్‌లో ఉన్న సింగర్ బీబీసీ వారి లైట్ ప్రోగ్రామ్ అనే రేడియో స్టేషన్‌లో తను రికార్డు చేయని పాటలు కూడా బోలెడు పాడేది, వాటిలో చాలావరకు గాల్లో కలిసిపోయాయి. రాత్రిపూట లక్సెంబర్గ్ రేడియో వేరే లోకం, అక్కడ ఈ పరిమితి లేదు, కంపెనీలు సమయం కొనుక్కుని తమ రికార్డులు వేయించుకునేవి.

బీబీసీ వద్దన్న పాటల సంగతి కూడా కలిపి చూడండి. డేవిడ్ విట్‌ఫీల్డ్, ఫ్రాంకీ లేన్ ఇద్దరూ పాడిన "ఆన్సర్ మీ" పాటలో దేవుణ్ని నేరుగా పిలుస్తారని బీబీసీ పక్కన పెట్టింది. అయినా 1953 డిసెంబర్‌లో ఒక వారం ఇద్దరూ కలిసి నంబర్ వన్ స్థానంలో నిలిచారు. రేడియో లేకుండా పాట అంత దూరం వెళ్లిందంటే జనం ఎక్కడ విన్నారు అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబే స్టేజి.

స్టేజి, అసలు జీతం అక్కడే

ఈ కాలపు సింగర్‌కి రికార్డు ప్రకటన లాంటిది. బతుకు వెరైటీ థియేటర్లో. మాస్ ఎంపైర్స్ లాంటి సంస్థలకి ఊరూరా హాళ్లుండేవి. సోమవారం నుంచి శనివారం దాకా ఒకే ఊళ్లో, రోజుకి రెండు ఆటలు, ఆదివారం రైలెక్కి ఇంకో ఊరు. ఒక్కో ఆటలో హాస్యగాళ్లు, గారడీవాళ్లు, కుక్కలతో విన్యాసాలు చేయించేవాళ్లు, చివర్లో పెద్ద పేరు. అందుకే మీ నోట్‌బుక్‌కి సరైన కొలత వారం.

ఇవి దొరికేది పాత పత్రికల్లో. ద స్టేజ్ అనే రంగస్థల వారపత్రిక పాత సంచికలు, బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో ఊరి పత్రికలు, రెండూ డబ్బు కట్టి చూడాలి. ఒక నెలకి కట్టి, ముందే ప్రశ్నలన్నీ రాసుకుని, ఆ నెలలో కూర్చుని పని కానివ్వడం నయం. మెలొడీ మేకర్ లాంటి సంగీత పత్రికల స్కాన్లు వరల్డ్ రేడియో హిస్టరీ సైటులో ఊరికే దొరుకుతాయి.

వాల్‌పోస్టర్ దొరికితే దాన్ని కొలవండి. నిజంగానే. పేరు ఎంత లావు అక్షరాల్లో, ఎన్నో వరుసలో ఉంది? అన్నిటికంటే పైన ఉంటే "టాప్ ఆఫ్ ద బిల్". అట్టడుగున బార్ ప్రకటన పక్కన చిన్న అక్షరాల్లో ఉంటే దాన్ని అక్కడివాళ్లు "వైన్స్ అండ్ స్పిరిట్స్" అని ఏడిపించేవాళ్లు, సారా పేర్లతో సమానం అని. ఒకే సింగర్ పోస్టర్లు మూడు, నాలుగేళ్లవి వరుసగా పెట్టి చూస్తే పేరు పైకి పాకడం, లావెక్కడం, తర్వాత మెల్లగా కిందికి జారడం కనిపిస్తుంది. ఏ చార్ట్ కంటే కూడా నిజాయితీగా చెప్పేది ఇదే. హాలు యజమానికి టికెట్లు తెగాలి, మొహమాటానికి ఎవరి పేరూ పెద్దది వేయడు.

రూబీ 1955లోనే లండన్ పల్లాడియం థియేటర్లో హాస్యనటుడు నార్మన్ విజ్డమ్‌తో కలిసి షో చేసింది, ఇరవై ఏళ్ల పిల్ల. 1956లో సినిమాలో కూడా కనిపించింది. ఆ రెండేళ్లలో కొత్త రికార్డులు పాడటానికి ఆమెకి ఎప్పుడు తీరిందో వారాల లెక్కలో వెతకడం మంచి వ్యాయామం. క్రిస్మస్ నుంచి కొన్ని వారాల పాటు పేరు ఎక్కడా లేకపోతే కంగారుపడకండి, పాంటోమైమ్‌లో ఉండొచ్చు, అంటే పిల్లల కోసం ఆడే పండగ నాటకం. ఎండాకాలంలో మాయమైతే సముద్రతీర పట్టణంలో సమ్మర్ సీజన్. నేను మొదట్లో ఇలాంటి ఖాళీలన్నీ "అవకాశాలు లేవు" అని రాసుకుని తర్వాత కొట్టేసుకోవాల్సి వచ్చింది. ఆ ఖాళీల్లోనే వాళ్లు బాగా సంపాదించారు.

కదిలే బొమ్మ కావాలంటే బ్రిటిష్ పాథే న్యూస్‌రీళ్లు, అంటే సినిమా హాళ్లలో వేసే వార్తా చిత్రాలు, యూట్యూబ్‌లో ఉన్నాయి.

వినేటప్పుడు మోసపోకుండా

ఒకసారి ఆన్‌లైన్‌లో అట్ట మీద "ఒరిజినల్ హిట్స్" అని ఉన్న రూబీ డిస్క్ ఒకటి కొన్నాను. వచ్చింది, పెట్టాను, మొదటి పాటకే ఏదో తేడా. గొంతు ఆమెదే, కానీ బరువెక్కింది, వెనక డ్రమ్స్ కుడి చెవిలో, గిటార్ ఎడమ చెవిలో. 1955 పాటకి రెండు చెవుల్లో వేర్వేరు శబ్దం ఎలా వస్తుంది? బ్రిటన్‌లో స్టీరియో రికార్డులు షాపుకి వచ్చిందే 1958లో. అట్ట తిప్పి చూస్తే అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "అసలు కళాకారులే మళ్లీ పాడినవి" అని ఉంది. డబ్బులు పోయాయి, బుద్ధొచ్చింది.

ఎందుకిలా అంటే, బ్రిటన్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కు తీరిపోయింది. గడువును యాభై నుంచి డెబ్బై ఏళ్లకి పెంచింది 2013లో, అప్పటికే తీరిపోయినవాటికి అది వర్తించలేదు. కాబట్టి ఎవరైనా పాత ప్లేట్లు కాపీ చేసి అమ్ముకోవచ్చు. కొందరు చక్కగా శుభ్రం చేసి, నంబర్లూ తేదీలతో సహా వేస్తారు. కొందరు చేతికందిందల్లా కలిపేస్తారు. తేదీలు వేయని డిస్క్ కొనకండి, నా నియమం అంతే.

తేడా పట్టడం అలవాటు చేసుకోవడానికి వెరా లిన్ "వి విల్ మీట్ అగైన్" మంచి పాట. 1939 రికార్డులో ఆమె గొంతు, వెనక ఆర్థర్ యంగ్ వాయించిన నోవాకార్డ్, అది ఎలక్ట్రానిక్ వాద్యం, కాస్త వణుకుతూ చర్చి ఆర్గన్‌కి చుట్టంలా ఉంటుంది. 1953లో మళ్లీ పాడినదాంట్లో పెద్ద ఆర్కెస్ట్రా, చివర్లో సైనికుల బృందం గొంతు కలుపుతుంది. యుద్ధం నాటి పాట అని చెప్పి చాలాచోట్ల రెండోదే వినిపిస్తారు! మగవాళ్ల కోరస్ వినబడిందంటే అది 1939ది కాదు. రెండూ వరుసగా వినండి, పద్నాలుగేళ్లలో గొంతు ఎంత ధీమాగా మారిందో ప్రత్యేకంగా ఎవరూ చెప్పక్కర్లేదు.

హిట్లు ఆగాక

ఇక్కడ రాసేవాళ్లంతా ఒకే మాట అంటారు: 1956లో ఎల్విస్ ప్రెస్లీ రాక్ పాటలతో వచ్చాడు, వీళ్లంతా పోయారు. నాకు ఈ మాటంటే చిరాకు. రూబీకి 1959లో కూడా "గుడ్‌బై జిమ్మీ గుడ్‌బై" టాప్ టెన్‌లోకి వచ్చింది. ఊపు తగ్గిన మాట నిజం, కానీ 1955లో కంపెనీ అన్ని పాటలు గుప్పించాక 1956లో జనానికి మొహం మొత్తి ఉండొచ్చని ఎవరూ అనరు. ఐటీవీ వచ్చాక చూసే కళ్లు రెండుగా చీలాయని కూడా అనరు. మీ వారాల పట్టికలో రెండూ కనపడతాయి.

చార్ట్ ఆగిన తేదీ దగ్గర పేజీ మూయకండి. జిమ్మీ యంగ్ పాట వదిలి బీబీసీ రేడియోలో మాటకారిగా స్థిరపడి 2002 దాకా ఆ పని చేశాడు. పెటులా క్లార్క్ ఫ్రెంచ్‌లో పాడి, 1964లో "డౌన్‌టౌన్"తో మళ్లీ ప్రపంచమంతా వినిపించింది. అల్మా కోగన్ 1966లో, ముప్పై నాలుగేళ్లకే క్యాన్సర్‌తో పోయింది. డికీ వాలెంటైన్ 1971లో కారు ప్రమాదంలో పోయాడు. వెరా లిన్ పాటల సంకలనం 2009లో బ్రిటన్ ఆల్బమ్ చార్ట్‌లో నంబర్ వన్, అప్పటికామెకి తొంభై రెండేళ్లు. రూబీ ఆ తర్వాతి దశాబ్దాల్లో కూడా స్టేజి మీద "సాఫ్ట్‌లీ సాఫ్ట్‌లీ" పాడుతూనే ఉంది, 1996లో కన్నుమూసింది. ఇంటి గొడవలూ తాగుడూ అంటూ పత్రికలు చాలా రాశాయి, వాటికి నోట్‌బుక్‌లో గడి పెట్టకపోయినా పని జరుగుతుంది.

పట్టిక సగం నిండాక ఒక సాయంత్రం తీరిక చేసుకుని ఆ ఐదు పాటలూ విడుదలైన వరుసలో పెట్టండి: "హార్ట్‌బీట్", "సాఫ్ట్‌లీ సాఫ్ట్‌లీ", తర్వాత "హ్యాపీ డేస్ అండ్ లోన్లీ నైట్స్", "లెట్ మీ గో లవర్", "ఇఫ్ ఎనీవన్ ఫైండ్స్ దిస్ ఐ లవ్ యూ". హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. గొంతు ఎత్తాల్సిన చోట ఆమె ఎత్తదు, మైకు దగ్గరికి జరిగినట్టుంటుంది, పదం చివర ఆ జీర సన్నగా తెగుతుంది. చివరి పాటలో పక్కన చిన్నపిల్ల గొంతు వస్తుంది, ఆన్ వారెన్ అనే అమ్మాయిది. అక్కడ ఒకసారి ఆపి, ఇద్దరిలో ఎవరు మైకుకి దగ్గరగా ఉన్నారో చూడండి.